ముందు పట్టుకోండి, కారణం తర్వాత వెతకొచ్చు

క్రిస్మస్ దీవి అనగానే అందరూ ఎర్ర పీతల గురించే మాట్లాడతారు. వానలు మొదలవగానే కోట్ల పీతలు అడవిలోంచి బయల్దేరి సముద్రం దాకా నడుస్తాయి. వాటికోసం రోడ్లు మూసేస్తారు, అవి ఎక్కి దాటడానికి వంతెన కూడా కట్టారు. ఆ వీడియోలు నేనూ చాలాసార్లు చూశాను, బావుంటాయి. కానీ అదే అడవిలో, ఆ పీతలు నడిచే దారుల పక్కనే, ఇరవై ముప్పై ఏళ్ళలో నాలుగు జాతుల బల్లులు ఖాళీ అయిపోయాయి. కెమెరాలు అటు తిరగలేదు. చిన్న ప్రాణులు, చప్పుడు చేయవు, గుంపులుగా ఊరేగవు. అవి పోవడం ఒక ఎత్తు. పోతున్నాయని తెలిశాక ఏం చేయాలో తేల్చుకోవడానికి పట్టిన కాలం ఇంకో ఎత్తు. నాకు ఒళ్ళు మండేది ఈ రెండోదాని మీదే.

నా వాదన ముందే చెప్పేస్తాను. దీవి మీద ఒక జాతి వేగంగా తగ్గిపోతోందని తెలిసిన రోజున చేయాల్సిన మొదటి పని కారణం వెతకడం కాదు. దొరికినన్నిటిని పట్టుకుని, ఆడా మగా చూసుకుని, భద్రమైన చోట పెంచడం. కారణం తర్వాత తీరిగ్గా వెతకొచ్చు. వినడానికి ఇది శాస్త్రానికి ఎదురు తిరిగినట్టు ఉంటుందని నాకు తెలుసు. ఆ దీవి చరిత్ర కాస్త చదివితే అలా అనిపించదు.

హిందూ మహాసముద్రంలో, జావాకు దక్షిణంగా దాదాపు 350 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది ఈ దీవి. విస్తీర్ణం 135 చదరపు కిలోమీటర్లు. పాలన ఆస్ట్రేలియాది, దగ్గర మాత్రం ఇండోనేషియాకు. 1643లో క్రిస్మస్ రోజున పక్కనుంచి వెళ్తూ విలియం మైనర్స్ అనే ఆంగ్ల నౌకా కెప్టెన్ ఆ పేరు పెట్టి తన దారిన తాను పోయాడు. ఆ తర్వాత రెండున్నర శతాబ్దాలకు, 1888లో బ్రిటన్ దాన్ని తనదిగా ప్రకటించుకుంది. ఫాస్ఫేట్ గనులు వచ్చాయి, కూలీలు వచ్చారు, ఓడలు వచ్చాయి. సముద్రగర్భంలోంచి లేచిన అగ్నిపర్వతం మీద సున్నపురాయి పేరుకుని ఏర్పడిన నేల అది. ఏ ఖండానికీ ఎప్పుడూ అతుక్కుని లేదు. కాబట్టి అక్కడున్న బల్లులన్నిటి పూర్వీకులూ ఎప్పుడో కొట్టుకొచ్చిన మానులు పట్టుకుని సముద్రం దాటి వచ్చినవే అయ్యుండాలి.

నేల మీద బతికే సరీసృపాలు అక్కడ సహజంగా ఆరే ఆరు. వాటిలో ఐదు ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. మూడు స్కింకులు, అంటే మనం నలికండ్లపాము అని పిలిచే నున్నటి బల్లులు. వాటిలో నీలితోకది అందగత్తె. నల్లటి ఒంటి మీద లేత పసుపు చారలు, వెనకాల మెరిసే నీలిరంగు తోక. శత్రువు దాడి చేస్తే ఆ తోక తెంచుకుని పారిపోతుంది. ఎదుటివాడి చూపు తల మీదకు కాకుండా తోక మీదకు పోవాలనే ఆ రంగు. రెండోది అడవి స్కింకు, గోధుమరంగుది, చెట్లు కూలి ఎండ పడే చోట ఆకుల మధ్య తిరిగేది. మూడోది తీరం స్కింకు, సముద్రపు రాళ్ళ మీద ఉండేది, ఇదొక్కటే బయటి దేశాల్లోనూ ఉంది. తర్వాత రెండు బల్లులు. లిస్టర్ బల్లి రాత్రిపూట చెట్ల మీద తిరిగే చిన్న బూడిదరంగు జీవి. 1887లో ఎజీరియా అనే బ్రిటిష్ నౌకతో పాటు వెళ్ళిన ప్రకృతి పరిశోధకుడు జోసెఫ్ జాక్సన్ లిస్టర్ పేరు దానికి పెట్టారు. నౌక పేరేమో నీలితోక స్కింకు శాస్త్రీయ నామంలో చేరింది. రెండో బల్లిని పెద్ద బల్లి అంటారు. చివరిది మట్టిలో బతికే గుడ్డిపాము, దాన్ని చూసినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

1979లో పరిశోధకులు వెళ్ళి చూసినప్పుడు వీటిలో చాలావరకు మామూలుగానే కనిపించాయి. అడవి స్కింకులైతే ఎండ పడే జాగా దొరికితే చాలు పదుల్లో ఉండేవి. 1990ల్లో తేడా తెలియడం మొదలైంది. ముందు ఊరు, ఓడరేవు ఉన్న ఈశాన్యపు మూల బల్లులు కనబడడం మానేశాయి. తర్వాత ఆ ఖాళీ మెల్లగా పడమటికి పాకింది. ఎవరో చాప చుడుతున్నట్టు ఆ చివరినుంచి ఈ చివరికి దీవి ఖాళీ అవుతూ వచ్చింది. 2010 నాటికి అడవి స్కింకు, తీరం స్కింకు, నీలితోక స్కింకు దీవి అడవుల్లో ఆఖరి చూపులకు వచ్చేశాయి. లిస్టర్ బల్లి 2012 తర్వాత అడవిలో కనబడలేదు.

ఎవరు చంపారు? ఇక్కడే అసలు చిక్కు. నిందితులు ఒక్కరు కాదు. నల్ల ఎలుకలున్నాయి, అడవిపాలైన పిల్లులున్నాయి, జానెడు పొడవు జెర్రులున్నాయి. పసుపురంగు పిచ్చి చీమలు ఉన్నాయి. అవి కొరకవు, ఫార్మిక్ ఆమ్లం చిమ్మి పీతల కళ్ళు పోగొట్టి చంపుతాయి, 1990ల్లో వాటి మహా పుట్టలు అడవిలో ఎకరాలకు ఎకరాలు పరుచుకున్నాయి. వీటన్నిటికీ మించి 1987లో మొదటిసారి కనబడిన తోడేలు పాము ఉంది. ఆసియా నుంచి బహుశా ఓడ సరుకుల్లో దాక్కుని వచ్చింది. రాత్రి వేటాడుతుంది, ఇష్టమైన తిండి బల్లులు. పగలంతా తిరిగి రాత్రి ఆకుల కింద, బెరడు కింద నిద్రపోయే స్కింకులకు అలాంటి వేటగాడు ఉంటాడన్న సంగతి లక్షల ఏళ్ళుగా తెలియదు. అక్కడ సొంతంగా ఉన్న పాము గుడ్డిపాము ఒక్కటే, అదేమో చీమల గుడ్లు, చెదపురుగులు తినే రకం. పాము పాకిన క్రమం, బల్లులు మాయమైన క్రమం దాదాపు ఒకలాగే ఉన్నాయి కాబట్టి ఎక్కువమంది వేలు దాని వైపే చూపిస్తారు. నాకూ అదే నమ్మబుద్ధవుతుంది. కానీ నమ్మడం వేరు, రుజువు చేయడం వేరు. రుజువు కోసం ఆగి ఉంటే ఏమయ్యేదో చూడండి.

ఈ దీవిలో ఇది మొదటి చావు కాదు. అక్కడ రెండు సొంత ఎలుక జాతులుండేవి. వాటిలో మక్లియర్ ఎలుకలు చీకటి పడితే ఊరంతా తామే అన్నట్టు తిరిగేవట. 1899లో ఒక ఓడ నుంచి నల్ల ఎలుకలు దిగాయి. ఆ తర్వాత కొన్నేళ్ళకే సొంత ఎలుకలు రెండూ పూర్తిగా పోయాయి. దారుల మీద జబ్బుపడి తూలుతున్న ఎలుకల్ని చూశామని అప్పటివాళ్ళు చెప్పారు. అది నల్ల ఎలుకలతో వచ్చిన పరాన్నజీవి వల్ల పాకిన రోగమేమోనని అప్పుడే అనుమానించారు కూడా. ఆ అనుమానానికి బలం దొరికింది 2008లో. మ్యూజియంలో దాచిన పాత ఎలుకల తోళ్ళలోంచి డీఎన్ఏ తీసి చూస్తే, నల్ల ఎలుకలు రాకముందువాటిలో ఆ పరాన్నజీవి లేదు, తర్వాతవాటిలో ఉంది. బ్రహ్మాండమైన పరిశోధన, సందేహం లేదు. కానీ ఒక శతాబ్దం పట్టింది. ఎలుకలకు దానితో ఒరిగిందేమీ లేదు.

తర్వాత గబ్బిలం. పిపిస్ట్రెల్ అనే చిన్న గబ్బిలం, బరువు నాలుగు గ్రాములు కూడా ఉండదు. 1990ల నుంచి తగ్గుతోందని తెలుసు, ఏటా అరుపులు రికార్డు చేసి లెక్కలు కట్టారు. లెక్క ప్రతిసారీ తక్కువే వచ్చింది. కొన్నిటిని పట్టి పెంచండని శాస్త్రవేత్తలు మొత్తుకున్నారు. కారణం ఇంకా తేలలేదన్నారు, ఇలాంటి గబ్బిలాన్ని పెంచిన అనుభవం లేదన్నారు, సంప్రదింపులన్నారు, సలహా సంఘమన్నారు. చివరికి 2009 జులైలో ప్రభుత్వం సరే పట్టమంది. మనుషులు వలలు తీసుకుని దీవికి చేరేసరికి అడవిలో వినిపించింది ఒక్క గబ్బిలం గొంతు. అదీ వలకు చిక్కలేదు. 2009 ఆగస్టు 26 రాత్రి ఆఖరిసారి వినిపించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, ఇక్కడ ఆకులు తేవడానికి కూడా ఫైలు నడిచింది.

మాటల్లో మాట. దానికి ఏడాది ముందే, 2008లో, అదే ప్రభుత్వ వ్యవస్థ అదే దీవిలో పడవల్లో వచ్చే శరణార్థుల్ని బంధించడానికి కొత్త నిర్బంధ కేంద్రం తెరిచింది. దాదాపు 40 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు అయింది. దీవి మరీ దూరం, అక్కడికి ఏది చేర్చాలన్నా ఖర్చు, నిపుణులు దొరకరు అనే మాటలు గబ్బిలానికి, బల్లికి మాత్రమే వర్తిస్తాయి కాబోలు.

గబ్బిలం దెబ్బ తగిలిన వేడిలోనే బల్లుల్ని పట్టడం మొదలుపెట్టారు. ఇది ఒప్పుకోవాలి. దీవిలోని జాతీయ పార్కు సిబ్బంది 2009, 2010 సంవత్సరాల్లో అడవంతా గాలించి 60కి పైగా నీలితోక స్కింకుల్ని, 40కి పైగా లిస్టర్ బల్లుల్ని పట్టారు. 1987 తర్వాత చూసినవాళ్ళు లేని లిస్టర్ బల్లి ఆ వెతుకులాటలోనే మళ్ళీ దొరికింది. 2011లో కొన్నిటిని సిడ్నీలోని టరొంగా జూకు పంపారు, ఒకచోట ఏదైనా అయితే ఇంకోచోట మిగులుతాయని. రెండు జాతులూ పంజరాల్లో చక్కగా పిల్లల్ని పెట్టాయి. ఇవాళ ఒక్కో జాతి లెక్క వెయ్యి దాటింది. గమనించండి, పట్టినప్పుడు పాము మీద నేరం రుజువు కాలేదు. కారణం తెలియకుండానే కాపాడారు.

అడవి స్కింకు సంగతి వేరేలా అయింది. అది ఒకప్పుడు అంతటా కనబడేది కాబట్టి తొందరేముందిలే అనుకున్నట్టున్నారు. తీరా వెతికితే మూడు చేతికొచ్చాయి. మూడూ ఆడవే. మగది ఎంత గాలించినా దొరకలేదు. మూడింటిలో రెండు ముందే చనిపోగా మిగిలిన ఒకదాన్ని గంప్ అని పిలిచేవాళ్ళు. దేశ చట్టం ప్రకారం అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో అడవి స్కింకు పేరు ఎక్కింది 2014 ఆరంభంలో. అప్పటికి ప్రపంచంలో తెలిసిన అడవి స్కింకు గంప్ ఒక్కటే. ఆ ఏడాది మే 31న అదీ పోయింది. ఐదు నెలలు కూడా నిలవని రక్షణ. 2017లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) అధికారికంగా అంతరించిందని ప్రకటించింది. గబ్బిలాన్నీ అదే ఏడాది ప్రకటించారు.

రెండు మూడేళ్ళ ముందు వెతికి ఉంటే మగది దొరికేది కాదా? దొరికేదనే నా నమ్మకం. ముందుచూపు ఇక్కడ పెద్ద తెలివితేటల వ్యవహారం కాదు. నీలితోకది, లిస్టర్ బల్లి పంజరాల్లో హాయిగా పెరిగాయంటే అడవి స్కింకు పెరగదనుకోవడానికి కారణం లేదు.

దీనికి ఎదురు వాదనలు ఉన్నాయి, తేలిగ్గా కొట్టిపారేయలేనివి. మొదటిది: అసలే తగ్గిన జాతిలోంచి మనం కొన్ని పట్టుకొస్తే అడవిలో మిగిలినవాటి గతేమిటి, మన చేత్తో మనమే చంపినట్టు కాదా? అందుకే ముందుగా పట్టమంటున్నాను. వేలల్లో ఉన్నప్పుడు యాభై తీస్తే అడవికి తెలియదు. యాభైయే మిగిలినప్పుడు తీయడం జూదం. ఆలస్యం చేసేకొద్దీ ఈ అభ్యంతరానికి బలం పెరుగుతుంది, ఆ బలాన్నే చూపించి ఇంకా ఆలస్యం చేస్తారు.

రెండోది: పంజరం కూడా భద్రం కాదు. నిజమే. 2014లో దీవిలోని పెంపకం కేంద్రంలో కొన్ని బల్లుల ముఖాలు వాచి వికారంగా మారడం మొదలైంది. ఎంటెరోకోకస్ కుటుంబానికి చెందిన, అప్పటిదాకా ఎవరూ వర్ణించని బాక్టీరియా అని తర్వాత తేలింది. సోకితే ప్రాణం తీస్తుంది. సిడ్నీలో కొన్నిటిని వేరుగా ఉంచాలన్న ఆలోచన అప్పుడు అక్కరకొచ్చింది. అన్నిటినీ ఒకే గూట్లో పెట్టకూడదని ఇది చెబుతుందే కానీ, అసలు పట్టకూడదని చెప్పదు. పైగా అడవిలోనే వదిలేసిన అడవి స్కింకుకు ఏ బాక్టీరియా సోకిందో చూడ్డానికి ఒక్కటీ మిగల్లేదు కదా.

మూడోదే గట్టిది: పట్టి పెంచి, తర్వాత ఏం చేస్తారు? అడవిలో పాము అలాగే ఉంది. 135 చదరపు కిలోమీటర్ల అడవిలోంచి చేతి వేలంత పాముల్ని ఏరిపారేసే ఉపాయం ఇవాళ్టికీ ఎవరి దగ్గరా లేదు. పసిఫిక్ సముద్రంలో అమెరికా ఏలుబడిలోని గువామ్ దీవిలో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చేరి అడవి పక్షుల్ని దాదాపు తుడిచిపెట్టిన గోధుమరంగు చెట్టు పాము కోసం అమెరికావాళ్ళు చచ్చిన ఎలుకల్లో పారాసిటమాల్ పెట్టి హెలికాప్టర్లలోంచి జారవిడుస్తున్నారు. మనం జ్వరానికి వేసుకునే మందే. 80 మిల్లీగ్రాములు చాలు ఆ పాముకు. వింతగా ఉన్నా పనిచేస్తుంది. కానీ అది చచ్చిన జంతువును కూడా తినే పాము. తోడేలు పాము నోరు ప్రధానంగా బల్లుల కోసం. పారాసిటమాల్ పెట్టిన బల్లుల్ని హెలికాప్టర్‌లోంచి చల్లుదామా?

కంచె వేసి ప్రయత్నించారు. 2017, 2018లో దీవిలోనే చుట్టూ దడి కట్టిన జాగాలో నీలితోకల్ని వదిలారు. పాముకు తలుపు మూశారు సరే, లోపల జెర్రులు మిగిలాయి. స్కింకులు నిలబడలేదు. తర్వాత చేసిన పని నాకు నచ్చింది. 2019లో 300 నీలితోకల్ని పెట్టెల్లో పెట్టి, వెయ్యి కిలోమీటర్ల దూరంలోని కోకోస్ దీవుల్లో పులు బ్లాన్ అనే బుల్లి దీవికి తీసుకెళ్ళి వదిలారు. అక్కడ తోడేలు పాము లేదు. మరుసటి ఏడాది పక్కనే ఉన్న పులు బ్లాన్ మడార్‌లోనూ వదిలారు. పులు బ్లాన్‌లో అవి నిలదొక్కుకుని పిల్లల్ని పెట్టాయి.

శుద్ధవాదులకు ఇది నచ్చదు. కోకోస్ వాటి పుట్టిల్లు కాదు, కొత్త జీవిని తెచ్చి వదలడం వల్లే కదా ఈ గొడవంతా మొదలైందంటారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందన్న భయం. భయం అర్థవంతమే, అందుకే ముందు చిన్న దీవుల్లో, లెక్క చూసుకుంటూ వదిలారు. కానీ నేను ఇంకోటి అడుగుతాను. ఈ వాదన చేసే అవకాశం మనకు ఎలా వచ్చింది? నీలితోకలు బతికి ఉన్నాయి కాబట్టి. అడవి స్కింకును ఎక్కడ వదలాలి, వదలొచ్చా అన్న చర్చ ఎవరైనా చేస్తున్నారా?

ఆలస్యం చేయకపోతే ఏమవుతుందో చూడాలంటే మారిషస్ వైపు వెళ్ళాలి. దానికి ఉత్తరాన 22 కిలోమీటర్ల దూరంలో రౌండ్ ఐలండ్ ఉంది, విస్తీర్ణం రెండు చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మేకలు, కుందేళ్ళు తెచ్చి వదిలితే తాటిచెట్ల అడవిని గుల్ల చేసి, మట్టి సముద్రంలోకి కొట్టుకుపోయేలా చేశాయి. అక్కడ మిగిలిన సరీసృపాల్లో ఒక పాముకు పై దవడ ఎముక రెండు ముక్కలుగా, కీలుతో ఉంటుంది. వెన్నెముక ఉన్న జంతువుల్లో ఇంకే వంశానికీ ఆ ఏర్పాటు లేదు. గట్టి స్కింకుల్ని జారిపోకుండా పట్టుకోవడానికి అది పనికొస్తుందంటారు. దాని దగ్గరి బంధువు, మట్టిలో తవ్వుకుంటూ బతికే పాము, 1975లో ఆఖరిసారి కనిపించింది. ఆ మరుసటి ఏడాదే బ్రిటిష్ రచయిత, జంతు ప్రేమికుడు జెరాల్డ్ డరెల్ బృందం అక్కడికి వెళ్ళి స్కింకుల్ని, బల్లుల్ని పట్టి ఇంగ్లిష్ ఛానల్ లోని జెర్సీ దీవిలో ఉన్న తన జూకు తీసుకెళ్ళింది. తర్వాతి యాత్రల్లో పాముల్నీ పట్టారు. 1979లో మేకల్ని, 1986లో కుందేళ్ళని పూర్తిగా తీసేశారు. చెట్లు లేచాయి, అక్కడి టెల్ఫెయిర్ జాతి స్కింకులు పెరిగి, అక్కణ్ణుంచి పక్క దీవులకు కూడా పంపేంత అయ్యాయి. కీలు దవడ పాము ఇవాళ బతికే ఉంది. మేకను తీయడం పామును తీయడం కన్నా తేలిక, ఆ తేడా నేను దాచను. అయినా అక్కడ పట్టుకోవడం, బాగుచేయడం ఏకకాలంలో నడిచాయి. ఒకటి తేలేదాకా ఇంకోటి ఆపలేదు.

క్రిస్మస్ దీవిలో చీమల విషయంలో కూడా పని ఆగలేదు, ఆ మాటా చెప్పాలి. పిచ్చి చీమలు బలిసింది లక్క పురుగుల లాంటి పొలుసు పురుగులు కార్చే తీపి రసం తాగి. ఆ పురుగుల్లో గుడ్లు పెట్టి వాటిని చంపే మలేషియా కందిరీగను, కొన్ని మిల్లీమీటర్లు కూడా ఉండని దాన్ని, ఏళ్ళ తరబడి పరీక్షించి 2016 డిసెంబర్‌లో వదిలారు. పీతలకు మేలైంది. కోట్ల పీతలకు పదేళ్ళ పరీక్షలు తట్టుకునే వ్యవధి ఉంది. ఒకే ఒక్క ఆడ స్కింకుకు లేదు.

ఇప్పుడు మిగిలింది పెద్ద బల్లి, గుడ్డిపాము. గుడ్డిపాము మట్టిలోది, పట్టాలన్నా ఎక్కడ పట్టాలో తెలియని రకం, దాని గురించి పెద్దగా చెప్పగలిగిందేం లేదు. పెద్ద బల్లి అలా కాదు. రాత్రి టార్చి వేసి తిరిగితే అడవిలో ఇంకా కనిపిస్తుంది. మిగతా నాలుగూ పోయిన అడవిలో, అదే పాము, అవే జెర్రుల మధ్య ఇదొక్కటి ఎందుకు నెగ్గుకొస్తోందన్నది మంచి పరిశోధనాంశమే. ఒంటి సైజు వల్ల కావచ్చు, చెట్లెక్కే అలవాటు వల్ల కావచ్చు. అయితే అది కూడా తగ్గుతోంది, ప్రమాదంలో ఉన్న జాతిగా చట్టంలో దాని పేరు ఎక్కింది. యాభై, అరవై తీసినా అడవికి లోటు తెలియని దశ ఇదే. ఆడా మగా సరిసమానంగా పట్టి, కనీసం రెండు వేర్వేరు ఊళ్ళలో, ఒక దాని రోగం ఇంకోదానికి చేరనంత దూరంలో పెంచడానికి అయ్యే ఖర్చు ఎంతని అడిగితే, నీలితోకలు, లిస్టర్ బల్లులకు పదిహేనేళ్ళుగా అయిన ఖర్చు లెక్క ఆ పార్కు దగ్గరే ఉంటుంది. దాన్ని తీసి, ఈ ఏటి బడ్జెట్‌లో మూడో వరుసగా రాసుకుంటే సరిపోతుంది.